తెల్ల పుంజు, నల్ల కుక్క, అక్కులమ్మ పెరడు

ఈ మధ్య మా పక్కింటి అమ్మాయికి ప్రభుత్వోద్యోగం వచ్చింది. పల్లెల్లో తిరిగి ఆడవాళ్ళకు పెరటితోటలు, కోళ్ళ పెంపకం నేర్పించాలట. ఉద్యోగం పేరు మారింది గానీ పని మాత్రం నేను చేసిందే. "ఏమైనా చెప్పండి అవ్వా" అని వచ్చి కూర్చుంది. చెప్పడం మొదలుపెడితే పొద్దు గూకింది, అయినా సగం కూడా కాలేదు. మిగతాది రాసిస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను.

నేను గ్రామసేవికగా చేరింది యాభైల చివరి రోజుల్లో. మాది చింతామణి, అంగడి పెట్టుకొని బతికిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పెళ్ళి కావలసిన పిల్ల పల్లెల వెంట తిరగడమేమిటని మా బంధువులు గొణిగారు. మా నాన్న మాత్రం చేతికి గొడుగు ఇచ్చి బాగేపల్లి బస్సు ఎక్కించాడు. ఆ గొడుగు కింద నేను గడిపిన రోజులే నా జీవితంలో అన్నిటికంటే సంతోషంగా గడిచినవి. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఏ వాకిట్లోంచి వెళ్ళాలి

శిక్షణలో మాకు ఎరువులు, విత్తనాలు, కోళ్ళ రోగాలు అన్నీ నేర్పారు. ఇంట్లోకి ఏ వాకిట్లోంచి వెళ్ళాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. ముందు వాకిట్లోంచి వెళితే మంచం వేస్తారు, మజ్జిగ ఇస్తారు, ఇంటి పెద్ద మగవాడు వచ్చి వానల గురించి, ధరల గురించి మాట్లాడతాడు. ఆడవాళ్ళు తలుపు చాటున నిలబడి నవ్వుకుంటారు. మనం మజ్జిగ తాగి వచ్చేస్తాం. నా మొదటి నెలంతా మజ్జిగ తాగడంతోనే సరిపోయింది.

ఆ సంగతి మొదట నా మొహాన చెప్పింది అక్కులమ్మ. బాగేపల్లి నుంచి గుడిబండె పోయే దారిలో, బస్సు దిగి కాస్త దూరం నడిస్తే వచ్చే ఒక పల్లెలో పెద్ద రైతు కుటుంబం ఆమెది. నడివయసు దాటిన మనిషి, గట్టి గొంతు, ముక్కుకు రెండు వైపులా బేసర్లు. నేను ముందు వాకిట్లో కూర్చొని ఆమె భర్తకు పెరటితోట గొప్పతనం వివరిస్తుంటే లోపలి నుంచి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఈయప్ప పెరట్లోకి పోయి ఎన్నాళ్ళయిందో అడుగమ్మా. పెరడు కావాలంటే ఆపక్క దొడ్డివాకిలి ఉండాది, ఆడికి రా" అన్నది.

వెళ్ళాను. ఆనాటి నుంచి ఉద్యోగం అయ్యేదాకా ఏ ఇంటికైనా దొడ్డివాకిలి నుంచే వెళ్ళాను. మీరూ అలాగే వెళ్ళండి.

ఆ పెరట్లో అక్కులమ్మ కోడలు రత్నమ్మ ఉంది. నా ఈడుదే. చురుకైన పిల్ల, అత్త ముందు నోరు మెదపదు, అత్త అటు పోగానే ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది. స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు గోడ కింది నుంచి వచ్చి ఒక మూల గుంటలా నిలిచి దోమలకు నిలయంగా ఉండేవి. నేను, రత్నమ్మ కలిసి ఆ నీళ్ళకు చిన్న కాలువ తీశాం. ముందు అరటి, ఎందుకంటే అది ఎంత మురికి నీరైనా తాగుతుంది. దాని తర్వాత చామ. అక్కడికి నీరు కాస్త తేటపడుతుంది, ఆపైన వంగ, బీర, అనప. మునగ మాత్రం దూరంగా, దాని కాళ్ళ దగ్గర నీళ్ళు నిలవకూడదు. ఇంత వివరంగా చెప్పేది ఎందుకంటే, నీళ్ళు తక్కువ ఉన్న మన సీమలో పెరటితోట అంటే వాడిన నీళ్ళను మళ్ళీ వాడుకోవడమే. కొత్తగా బావి నీళ్ళు చేదిపోయమని చెప్పారంటే ఆ తోట నెల తిరక్కుండా ఎండిపోతుంది. చేదేది ఆడవాళ్ళే కదా, వాళ్ళకు ఓపిక ఎక్కడిది?

మా బి.డి.ఓ. సాహేబు మంచివాడే, పట్నవాసి. ఆయనకు రెండు పిచ్చులు ఉండేవి. ఒకటి సరళరేఖలు, రెండోది కాలీఫ్లవర్. ప్రతి పెరట్లోనూ తాడు పట్టి గీసినట్టు మడులు ఉండాలి, వాటిలో కాలీఫ్లవర్ ఉండాలి. రాగిసంగటిలోకి ఆకుకూర పులుసు, అనపకాయల కాలంలో నానిన గింజలను తోలు పితికి వండే పితికిపప్పు సారు తినే ఇళ్ళలో ఆ తెల్ల పువ్వును ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. రత్నమ్మ దాన్ని గడప మీద అలంకారానికి పెట్టింది. నేను ఆయనతో వాదించలేదు. ప్రతి పల్లెలోనూ ఆయన కోసం ఒక మడి కాలీఫ్లవర్, మిగతా పెరడంతా వాళ్ళు వండుకొనే కూరలు. పైవాళ్ళతో గెలవాలని చూడకండి, వాళ్ళకు ఒక మడి ఇచ్చేయండి.

కరియకు చదువు

అక్కులమ్మ ఇంట్లో కరియ అని ఒక నల్ల కుక్క ఉండేది. పొలం కాపలాకు పులి, పెరట్లో మాత్రం దొంగ. గుడ్డు కనబడితే ఒకే గుటక. పిల్లలతో తిరిగే పెట్ట కనబడితే ఇంక చెప్పనే అక్కరలేదు. కోళ్ళ పెంపకం మాట ఎత్తినప్పుడల్లా రత్నమ్మ దాని వైపు చూసి నిట్టూర్చేది. కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దామని ఆమె భర్త అన్నాడు గానీ, అది ఎంత దూరంలో వదిలినా తిరిగి వచ్చే రకం.

కుక్కల గురించి మాకు శిక్షణలో ఒక్క ముక్క చెప్పలేదు. నాకు తెలిసింది గొర్రెల మందల వాళ్ళ దగ్గర చూసింది. వాళ్ళ కుక్క మంద మధ్యలోనే తింటుంది, మంద మధ్యలోనే పడుకుంటుంది, గొర్రె దానికి తిండిలా కనబడదు. అదే పద్ధతి పెట్టాం. కరియను కోళ్ళగూటి పక్కనే కట్టేయడం. దాని కళ్ళ ముందే కోళ్ళకు గింజలు వేయడం. అవి తిని వెళ్ళాక, అదే చేత్తో, అదే చోట దానికి సంగటి పెట్టడం. కోడి వైపు ఎగబడితే సంగటి వెనక్కి. అంతే. కొట్టడం లేదు, వాతలు లేవు. ఇంకొక సంగతి, ఇల్లంతా కలిసి ఒకటే మాట అనాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో మామ "ఛీ" అంటే, మొగుడు "పో" అంటే, పిల్లలు "రా" అనేవాళ్ళు. పాపం కరియ ఎవరి మాట వినాలి?

రత్నమ్మకు నమ్మకం కుదరలేదు. అప్పుడు నేను ఒక ఉపన్యాసం లాంటిది ఇచ్చాను. రోజూ ఒకే వేళకు, ఒకే తీరుగా ఒక పని చేస్తూ పోతే ఏ జీవికైనా అది అలవాటైపోతుందని, అలవాటైనదానికి అది బెదరదని, ఎగబడదని. అక్కులమ్మ కాస్త దూరంలో రాగులు విసురుతోంది. మా వైపు తల కూడా తిప్పలేదు.

రాగుల కోతలు అయ్యేలోగా కరియ కోళ్ళ మధ్య పడుకోవడం నేర్చుకుంది. ఒక పెట్ట దాని వీపెక్కి నిలబడేది. దాన్ని చూడడానికి ఊళ్ళోవాళ్ళు వచ్చారు. నా మాటకు ఆ ఊళ్ళో విలువ వచ్చింది కరియ వల్లనే. నా చదువు వల్ల వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి.

సీమపుంజు

ఆ రోజుల్లో మేలుజాతి తెల్ల కోళ్ళను ప్రభుత్వం ఊరికొక పుంజు చొప్పున ఇచ్చేది. నాటుపెట్టలతో కలిసి మంచి జాతి పిల్లలు రావాలని. మావాళ్ళు దాన్ని సీమపుంజు అనేవారు. ఆ ఊరి పుంజును నేను రత్నమ్మకు ఇప్పించాను. వచ్చినప్పుడు అది పొడుగు కాళ్ళ బక్క ప్రాణి. రత్నమ్మ దాన్ని చంటిబిడ్డలా సాకింది. వేరుశనగ చెక్క, మునగాకు తరుగు, నలగ్గొట్టిన నత్తగుల్లలు, నేను ఏది చెబితే అది పెట్టింది. దానికి పుట్టిన పిల్లలతో పెద్ద గూడు కట్టుకోవాలని, అది తన సొంత పనిగా ఉండాలని ఆమె ఆశ. ఆ ఇంట్లో అన్నీ అత్తవే. పుంజు ఒక్కటే రత్నమ్మది.

ఆ చలికాలంలో రత్నమ్మ కూతురికి తట్టు పోసింది. పసిపిల్ల, ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరవదు. అక్కులమ్మ పసుపుగుడ్డ ముడివేసి గంగమ్మకు మొక్కుకుంది, పిల్ల లేచి ఆడుకుంటే జాతరలో మా ఇంట్లోని అన్నిటికంటే పెద్ద పుంజును ఇస్తానని. అప్పుడు ఆ ఇంట్లో పెద్దది ఎర్ర నాటుపుంజు. ఆమె మనసులో ఉన్నదీ అదే. పిల్ల లేచింది, ఆడుకుంది.

జాతర ఎండాకాలంలో. ఈలోగా మా వేరుశనగ చెక్క తన పని తాను చేసింది. ఉగాది నాటికి సీమపుంజు ఎర్రదాని కంటే జానెడు ఎత్తు, చేతికి బరువు, నెత్తిన మందారపువ్వంత తురాయి. ఎవరు చూసినా ఆ ఇంట్లో పెద్ద పుంజు అదే.

నేను వెళ్ళేసరికి రత్నమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎర్రపుంజును ఇద్దామంటే అత్త ఒప్పుకోవడం లేదట. నేను అక్కులమ్మను అడిగాను.

"పెద్దది ఇస్తానని అమ్మకు చెప్పినాను. ఇప్పుడు చిన్నది తీసుకుపోయి ఇస్తే, బిడ్డను కూడా చిన్నగానే కాపాడు అని చెప్పినట్ల కదమ్మా" అన్నది. అంటూనే ఆ తెల్లపుంజు ముందర గుప్పెడు రాగులు పోసింది.

సాహేబుకు చెబితే ఆయన మండిపడ్డాడు. ప్రభుత్వం ఇచ్చిన పుంజును కోస్తే ఆ ఊరికి ఇంకొక కోడి కూడా రాదన్నాడు, వెళ్ళి గట్టిగా చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. ఇక్కడ కొత్తవాళ్ళకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక ఇల్లాలు తన ఇంటి బిడ్డ ప్రాణం కోసం ఇచ్చిన మాట మీద మన చెయ్యి వేయకూడదు. వేస్తే ఆ దొడ్డివాకిలి మనకు మళ్ళీ తెరుచుకోదు. కానీ రత్నమ్మ ముఖం చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

నేను చేయగలిగింది ఒకటే, ఉన్నన్నాళ్ళు ఆ పుంజును బాగా చూసుకోమనడం. ఆ ఏడు ఎండలు దారుణం. తెల్లకోళ్ళు వేడికి తట్టుకోలేవు, నోరు తెరిచి రొప్పుతాయి, ఒక్కోసారి నిలబడ్డవి నిలబడ్డట్టే పడిపోతాయి. గూటికి తడిగోనె కట్టమన్నాను. నడిమధ్యాహ్నం తల మీద, మెడ మీద నీళ్ళు చల్లమన్నాను. మొదటిసారి నేనే చల్లి చూపించాను. అది ఒళ్ళంతా విదిలించి నా చీర తడిపి, నన్నే పొడవడానికి వచ్చింది. రత్నమ్మ అన్ని రోజుల తర్వాత నవ్వింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు దాని తెల్లటి మెడ మీద పసుపుచాయ కనబడింది. అదేమిటని అడిగితే, పేలకు మంచిదని అక్కులమ్మ చెప్పింది. పసుపు మంచిదే కదా అని ఊరుకున్నాను.

గంగమ్మ ముందు

జాతర నాడు నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే రత్నమ్మ ఒంటరి అయిపోతుందనిపించింది.

మా వైపు జాతరలో ఒక పద్ధతి ఉంది. మొక్కిన జీవాన్ని అమ్మవారి ఎదుట నిలబెట్టి, పూజారి వేపమండతో పసుపునీళ్ళు చల్లుతాడు. అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టు. అప్పుడు కత్తి ఎత్తడానికి లేదు. నీళ్ళు పడ్డాక ఏ కోడి మాత్రం విదిలించకుండా ఉంటుంది? మా కంటి ముందే వరసగా అన్నీ విదిలించాయి, వెళ్ళిపోయాయి.

అక్కులమ్మ సీమపుంజును దించింది. అంత తెల్లటి పుంజును అంతకుముందు ఆ గుడి చూసి ఉండదు. జనం మెడలు చాచారు. రత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. పూజారి నీళ్ళు చల్లాడు.

పుంజు కళ్ళు మూసుకుంది. కాస్త మెడ చాచి, హాయిగా నిలబడింది.

పూజారి మళ్ళీ చల్లాడు. తలమీద, వీపుమీద, తోకమీద. రెక్క కూడా కదలలేదు. పైగా ఇంకా చల్లమన్నట్టు ఒక అడుగు ముందుకు వేసింది. డప్పులు ఆగిపోయాయి. పూజారి ఈసారి చెంబెడు నీళ్ళూ కుమ్మరించాడు. నీళ్ళు ముక్కు చివరి నుంచి కారుతున్నాయి, పుంజు మాత్రం కళ్ళు తెరవలేదు.

అక్కులమ్మ చేతులు జోడించింది. "తల్లీ, నేను చెప్పిన మాట చొప్పునే తెచ్చినాను. వొద్దంటే ఏం చేసేది?" అని అందరూ వినేలా అడిగింది.

పూజారి పెద్దవాడు. కాసేపు అమ్మవారిని, కాసేపు పుంజును చూశాడు. "అమ్మ దీన్ని వొద్దంటాండాది. వొద్దన్నదాన్ని ఇంట్లో కట్టేసుకోకూడదు. అమ్మ పేరున ఊరి మింద ఇడిసిపెట్టండప్పా. ఎవురూ దీని మింద చెయ్యి ఎత్తగూడదు" అన్నాడు. ఎందుకైనా మంచిదని అక్కులమ్మ గంపలో వెంట తెచ్చిన ఎర్రపుంజు నీళ్ళు సరిగ్గా తగలకముందే విదిలించింది. మొక్కు తీరింది. రత్నమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఈసారి సంతోషంతో. నాకూ కళ్ళు చెమర్చాయి.

అమ్మవారి పుంజు చేసిన ఉద్యోగం

దేవుడి పేరున విడిచిన ఎద్దును చూశాం గానీ పుంజును ఎవరూ చూడలేదు. అది ఊరంతా తనదే అన్నట్టు తిరిగింది. రాత్రిళ్ళు రత్నమ్మ వాళ్ళ గూట్లో పడుకునేది, పగలంతా ఇంటింటి పెరట్లో సంచారం. అదివరకు సీమపుంజును గడప దాటనివ్వని పెద్దమ్మలు కూడా దానికి రాగులు వేసి దండం పెట్టారు. మరుసటి వానాకాలానికి ఊళ్ళో ఏ పెట్ట వెనక చూసినా తెల్లమచ్చల పిల్లలే. రత్నమ్మ పెద్ద గూడు కట్టింది, పొరుగు పల్లెల వాళ్ళు పిల్లల కోసం ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను ఏళ్ళ తరబడి ఉపన్యాసాలు ఇచ్చినా జరగని పని అది.

అయితే ఆ పుంజుకు కాలీఫ్లవర్ అంటే ప్రాణం. సాహేబు మడులన్నీ మొదళ్ళ దాకా తినేసింది. కొట్టడానికి లేదు. అందుకని ఊళ్ళో వాళ్ళందరూ ఆరునెలలుగా నేను మొత్తుకుంటున్న ముళ్ళకంచెలు ఒక్క వారంలో కట్టుకున్నారు. రత్నమ్మ డబ్బాలో రాగులు ఆడించి పిలిస్తే ఎక్కడున్నా పరుగెత్తి వచ్చేలా దానికి నేర్పింది. మీ ఇంటి కోళ్ళకూ అలాగే నేర్పండి. వేళకు ఒకే చప్పుడు, వచ్చిన వెంటనే గింజలు. పాము వచ్చినా, గద్ద వచ్చినా ఆ డబ్బాయే కాపాడుతుంది.

సాహేబు తనిఖీకి వచ్చాడు. ఊరంతా తెల్లపిల్లలను చూసి నోరు తెరిచాడు. జిల్లాలో ఎక్కడా ఇంత బాగా జరగలేదు, ఏ పద్ధతి అనుసరించారమ్మా అని కన్నడంలో అడిగాడు. ఊరివాళ్ళ సహకారమండీ అన్నాను. అబద్ధం కాదు కదా.

కొన్నేళ్ళకు నన్ను చింతామణి వైపు వేశారు. చెప్పి వద్దామని ఆ పల్లెకు వెళ్ళాను, దొడ్డివాకిలి నుంచే. అక్కులమ్మ అరటిచెట్ల నీడలో కూర్చొని అనపకాయలు ఒలుస్తోంది. ముసలి కరియ ఆమె కాళ్ళ దగ్గర, కరియ వీపు మీద ఒక తెల్ల పెట్ట. ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటుంటే నాకు ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న సంగతి గుర్తుకొచ్చి, ఆ ఏడు ఎండల్లో పుంజుకు నీళ్ళు చల్లి రత్నమ్మ దాని ప్రాణం కాపాడిందని అన్నాను. రత్నమ్మ ఆశ్చర్యంగా చూసింది. నడిమధ్యాహ్నం తను పొలానికి సంగటిగంప మోసుకుపోయేదట. తను ఒక్కనాడు కూడా చల్లలేదట.

ఇద్దరం అక్కులమ్మ వైపు చూశాం. ఆమె కాయలు ఒలవడం ఆపలేదు. ఆనాడు పుంజు మెడ మీద చూసిన పసుపుచాయ నాకు అప్పుడు అర్థమైంది. వేపమండతో చల్లావా అవ్వా అని అడిగాను.

"వేపమండతోనే. పూజారి యాడ నిలబడతాడో ఆడే నిలబడి, వాడు చల్లినట్లే రోజూ చల్లితిని" అన్నది. "రోజూ ఒకే వేళకు ఒకే పని చేస్తే ఏ జీవానికైనా అలవాటవుతాదని నువ్వే కదమ్మా చెప్తివి. రాగులు ఇసురుతా అంతా వింటిని."

మరి మొక్కు మాటేమిటి అని అడిగింది రత్నమ్మ, మెల్లగా.

అక్కులమ్మ తల ఎత్తి కోడలిని చూసింది. "మొక్కు నేను తప్పలేదే. పెద్దదాన్నే తీసుకుపోయి అమ్మ ముందర పెట్టినాను. బిడ్డను ఇచ్చిన తల్లి, బిడ్డ తల్లిని ఏడిపిస్తాదా? కొంచెం దారి చూపించినాను, వొద్దన్నది అమ్మే" అని, ఒలిచిన అనపగింజలు నా ఒళ్ళో పోసి, పితికిపప్పు సారు చేసుకొని తినమంది.